పద్యము మనది, సంఖ్య మనదగుట యెప్పుడు?

పావులూరి మల్లనదని ప్రసిద్ధి వడసిన చంపకమాల యొకటి చదువుకొన్న తెలుగువారిలో ననేకులకు ఏదో యొక సందర్భమున వినబడియే యుండును. చదరంగపు పలకపై మొదటి గడిలో ఒక గింజ, రెండవ గడిలో రెండు, మూడవ గడిలో నాలుగు, ఇట్లు గడిగడికిని రెట్టించుచు పోయినచో అరువది నాలుగు గళ్ళకును మొత్తమెంత యగునో ఆ పద్యము చెప్పును. అంకెలతో కాక పదములతో చెప్పును. శరమనిన ఐదు, చంద్రుడనిన ఒకటి, వేదమనిన నాలుగు, గగనమనిన సున్న. ఒకట్ల స్థానమునుండి ఎడమకు వ్రాసికొనుచు పోయినచో ఇరువది యంకెలు తేలును. ఆ సంఖ్య యిది: 1,84,46,74,40,73,70,95,51,615.

ఇది స్వల్పమైన పని కాదు. క్రీ.శ. 1000 ప్రాంతమున అల్బిరూని తన కాలగణన గ్రంథమున ఈ మొత్తమునే అంకె తప్పకుండ వ్రాసెను. మహావీరాచార్యుని గణితసారసంగ్రహమును తెనిగించిన మల్లన పేరిట అదే మొత్తము మన భాషలో, అందును గణయతిప్రాసల కట్టుబాటులో, నిలిచినది. తాళపత్రముపై అంకెలు చెరగును, లేఖకుని చేయి తప్పును. పద్యమైనచో నోటినుండి నోటికి నడచును. ఇందులకు తెలుగువారు గర్వింపవచ్చును. మేమును గర్వించుచున్నాము.

అయితే ఈ గర్వము ఇటీవల త్రోవ తప్పుచున్నది. సభలో ఒకరు పద్యమును గడగడ చదువుదురు, మరియొకరు అంకెలు విప్పి చూపుదురు, మన పూర్వులకు తెలియనిది లేదని అధ్యక్షులు సెలవిత్తురు, చప్పట్లు మ్రోగును, అంతటితో సరి. చేతిఫోనులలో ఒకరినుండి యొకరికి పోవుచున్న సందేశముల కథయు ఇట్టిదే. ఆ సంఖ్యను ఒక్కసారియైనను కాగితముపై వేసి చూచినవారు ఆ సభలలో నెందరు? దేనితో భాగించిన శేషము లేకుండ పోవునో అడిగినవారెందరు? గుడిని చుట్టి చుట్టి ప్రదక్షిణము చేయుచు గర్భాలయములోనికి తొంగిచూడని భక్తునివలె, మనము ఈ సంఖ్య వాకిటనే నిలిచి తృప్తి పొందుచున్నాము. ఇది పెద్ద లోపమని మా యభిప్రాయము. ఏల లోపమో చెప్పవలెననిన ఆ సంఖ్యలోనికే పోవలెను; పాఠకులు ఒక పలకయు బలపమును దగ్గర నుంచుకొనినచో మేలు.

సంఖ్య పెద్దదనుటలో సందేహము లేదు. వేయి బియ్యపుగింజలు ఇరువది గ్రాములు తూగుననుకొన్నచో, ఈ మొత్తము దాదాపు 36,900 కోట్ల టన్నులగును. ప్రపంచమంతయు కలిసి నేడు ఏడాదికి పండించు బియ్యము ఏబది కోట్ల టన్నులకు కొంచెము పైమాట. రాజు మాట నిలుపుకొనవలెనన్న భూమండలపు పంటనంతయు ఏడువందల యేండ్లు కొలిచి పోయవలెను. కాని పెద్దతనము సంఖ్యకు గుణము కాదు. ఒకటి కలిపిన ఇంతకంటె పెద్దది వచ్చును. సంఖ్యకు గుణము దాని కట్టడిలో నుండును.

ఈ మొత్తమును కట్టుటకు అరువది మూడుమారులు రెట్టింపనక్కరలేదు. ఛందశ్శాస్త్రకర్తయైన పింగళుడు చూపిన దారి కలదు. పాదమున ఇన్ని యక్షరములున్నచో గురులఘువుల కూర్పులెన్ని యని తెలిసికొనుటకు ఆయన ఇట్లు చెప్పెను: అక్షరసంఖ్యను సగము చేయుచు రమ్ము, సగము కానిచోట ఒకటి తీసివేయుము, పిదప వెనుకకు మరలుచు, ఒకటి తీసిన చోట రెట్టింపుము, సగము చేసిన చోట వర్గము చేయుము. అరువది నాలుగును సగము చేయుచు పోయిన ఆరు మెట్లలో ఒకటి వచ్చును. కావున రెండును ఆరుమారులు వర్గము చేసిన చాలును: 4, 16, 256, 65,536, తరువాత 429,49,67,296, అటుపిమ్మట 1,84,46,74,40,73,70,95,51,616. ఇది అరువది యైదవ గడి యుండినచో అందు పోయవలసిన గింజల లెక్క. గళ్ళ మొత్తము ఎప్పుడును తరువాతి గడికంటె ఒకటి తక్కువ. ఒకటియు రెండును మూడు, తరువాతి గడి నాలుగు. కావుననే పద్యములోని సంఖ్య పదునారుతో కాక పదునైదుతో ముగియుచున్నది. గురులఘువులు తెలిసిన మన కవులకు ఇంతకంటె దగ్గర చుట్టమైన లెక్క మరియొకటి యుండునా?

ఇక భాగహారము. పలకను వరుసలుగా చూడుడు. మొదటి వరుసలోని ఎనిమిది గళ్ళలో 255 గింజలు. రెండవ వరుసలోని ప్రతిగడియు తనకు సరిగా పైనున్న గడికి 256 రెట్లు. కావున రెండు వరుసలును కలిసి 255ను 257తో హెచ్చవేసినంత, అనగా 65,535. మూడు నాలుగు వరుసలు ఈ మొదటి రెంటికి 65,536 రెట్లు. కావున నాలుగు వరుసలకు 65,535ను 65,537తో హెచ్చవేయవలెను. ఆ ఫలము 429,49,67,295. ఇది సగము పలక. రెండవ సగము మొదటి సగమునకు 429,49,67,296 రెట్లు. కావున పలక మొత్తము, ఈ సగమును 429,49,67,297తో హెచ్చవేసిన ఫలము. మొదటి వరుసలోని 255 మూడు, ఐదు, పదునేడుల గుణకారఫలమే గదా! ఇట్లు మన సంఖ్య 3, 5, 17, 257, 65,537, 429,49,67,297 అను ఆరు సంఖ్యల గుణకారముగా విడిపోవుచున్నది. ఒక్క బీజగణిత సూత్రమైనను చెప్పకుండ, చదరంగపు వరుసలను లెక్కించియే ఇంతవరకును వచ్చితిమి. ఎనిమిదవ తరగతి బాలునికి ఇది అందనిది కాదు.

ఈ ఆరింటిలో మొదటి యైదును ప్రధానసంఖ్యలు; ఒకటియు తామును తప్ప వేరు కారణాంకము లేనివి. ఇవి గణితలోకమున మిక్కిలి పేరుగలవి. 1796లో ఇంకను పందొమ్మిదేండ్లు నిండని గౌస్, పదునేడు సమభుజముల ఆకృతిని కొలబద్దతోను వృత్తలేఖినితోను మాత్రమే గీయవచ్చునని నిరూపించుటకు ఈ 17 యే మూలము. ఆరవ దాని మాట వేరు. అచ్చటనే కథ పాకమునకు వచ్చుచున్నది.

పదునేడవ శతాబ్దిలో ఫ్రాన్సు దేశమున తులూజు న్యాయస్థానపు ఉద్యోగి ఫెర్మా యను నాతడుండెను. తీరిక వేళల లెక్కలు చేయుచు ఆ శతాబ్దపు గణితజ్ఞులలో అగ్రగణ్యుడైనవాడు. మూడు, ఐదు, పదునేడు, 257, 65,537 వరుసగా ప్రధానసంఖ్యలగుట చూచి, ఈ జాతి సంఖ్యలన్నియు ప్రధానసంఖ్యలే యని 1640లో మిత్రునికి వ్రాసెను. నిరూపణము తనకింకను దొరకలేదనియు చెప్పుకొనెను. అయినను అంతటివాని మాట! తొంబది యేండ్లు అది యట్లే నిలిచినది. 1729లో గోల్డుబాఖు ఈ ప్రశ్నను ఆయిలరునకు గుర్తుచేసెను. అప్పుడు ఆయిలరు సెయింటు పీటర్సుబర్గున నున్న యువకుడు. ఇరువదియైదేండ్ల ప్రాయమున, 1732లో, ఆతడు సమాధానము చెప్పెను: 429,49,67,297 ప్రధానసంఖ్య కాదు, 641ని 67,00,417తో హెచ్చవేసిన అదియే వచ్చును.

ఎట్లు పట్టుకొనెను? కనబడిన సంఖ్యలన్నిటితోను భాగించుచు కూర్చుండలేదు. ఈ సంఖ్యకు ప్రధాన కారణాంకమేదైన నుండినచో అది 64 యొక్క గుణిజమునకు ఒకటి కలిపినదై యుండవలెనని తరువాతి రచనలో విశదపరచెను. అట్టి ప్రధానసంఖ్యలు మొదటినుండి 193, 257, 449, 577, 641. ఐదవ ప్రయత్నముననే గుట్టు బయటపడినది! ఇందొక వింత కలదు. ఈ మార్గమును చూపు సిద్ధాంతము ఫెర్మా తానే 1640లో ప్రకటించినది. ఆయుధము చేత నుండియు ఆయన ఐదు భాగహారములు చేసి చూడలేదు. మహామహుల విషయముననే ఇట్లుండగా, పద్యము నోటికి వచ్చినంతమాత్రమున సంఖ్య తెలిసినదని మనమనుకొనుట ఎట్లు?

641 యొక్క రహస్యమును గూర్చి మరి రెండు మాటలు చెప్పకుండ ముందునకు పోజాలము, అంత సొగసైనది. 640 అనగా ఐదు నూట యిరువది యెనిమిదులు. 641 అనగా 625, 16ల కూడిక. ఈ రెండే చాలును. 641తో భాగించినప్పుడు 640 ఋణము ఒకటితో సమానము. అనగా ఐదును ఏడు రెండ్లతో హెచ్చవేసిన ఫలము ఋణము ఒకటి. దానిని నాలుగుమారులు తనతో తాను హెచ్చవేసిన, ఐదు నాలుగుమారులుగను, రెండు ఇరువది యెనిమిది మారులుగను వచ్చి, ఫలము ధనము ఒకటి యగును. ఐదు నాలుగుమారులనగా 625. అది 641తో ఋణము పదునారు. పదునారనగా నాలుగు రెండ్లు. ఇరువది యెనిమిదికి ఈ నాలుగు చేరి ముప్పదిరెండు రెండ్లయ్యెను, ముందు ఋణచిహ్నముతో. కావున ముప్పదిరెండు రెండ్ల ఫలమునకు ఒకటి కలిపిన 641 భాగించి తీరవలెను. పెద్ద భాగహారమొక్కటియు చేయలేదు. ఆరు పంక్తులలో ఫెర్మా ఊహ పోయినది.

కావున పద్యములోని సంఖ్య యొక్క పూర్తి వంశవృక్షమిది: 3, 5, 17, 257, 641, 65,537, 67,00,417. ఏడు ప్రధానసంఖ్యలు, ఏదియు రెండుమారులు రాదు. ఇంతకుమించి విడదీయుటకు లేదు.

"ఇది తెలిసినందున పద్యమునకేమి లాభము?" అని యడుగు పెద్దలుందురు. లాభము కలదు, పద్యమునకే కలదు. సంఖ్యాపదములతో ఒక చిక్కున్నది. పద్యమున సముద్రవాచకములు రెండు చోట్ల వచ్చుచున్నవి. సముద్రములు నాలుగని యొక వాడుక, సప్తసముద్రములని మరియొకటి. తెలియనివాడు రెండు చోట్లను ఏడు వేసికొన్నచో 1,84,76,74,70,73,70,95,51,615 అని వచ్చును. యతి చెడదు, గణము చెడదు, ప్రాస చెడదు. పద్యము వాని తప్పును పట్టజాలదు. అంకెలు కూడి మూడుతో భాగించి చూచినను తప్పు దొరకదు. సరియైనదాని యంకెల మొత్తము 87, తప్పుదానిది 93, రెండును మూడు యొక్క గుణిజములే. చివర ఐదే యున్నందున ఐదును తప్పు పట్టదు. పదునేడు పట్టును! పదునేడుతో భాగించిన ఎనిమిది శేషము మిగులును. రంధ్రమన్న మాటకు తొమ్మిది కాక శూన్యమని యర్థము చెప్పుకొని సున్న వేసినచో, అప్పుడును మూడు మాటాడదు. పదునేడు మాత్రము నాలుగు శేషము చూపును. అంతేకాదు, ఇరువది యంకెలలో ఏ యొక్కటి యెట్లు తప్పినను పదునేడు కనిపెట్టకుండ పోనీయదు. ఏలయనగా ఒక అంకె తప్పుటయనగా ఒకటికిని తొమ్మిదికిని నడుమనున్న భేదము, పదుల గుణకారముతో, కలియుటయో తీయబడుటయో. అట్టిదానిని పదునేడు ఎన్నడును నిశ్శేషముగా భాగింపదు. వందల యేండ్లు పద్యమును ఛందస్సు కాపాడినదని మనము చెప్పుకొనుచుంటిమి. ఛందస్సు పదములను కాపాడినది. అర్థమును కాపాడు కావలివాడు సంఖ్యలోపలనే, మొదటి వరుసలోనే, కూర్చుండియున్నాడు. మనము వానిని పలుకరింపలేదు.

గర్వము విచారణను విడిచినప్పుడు కలుగు హానికి ఈ సంఖ్యయే మరియొక నిదర్శనము చూపుచున్నది. కాశీలో ఒక దేవాలయమున మూడు వజ్రపు సూదులున్నవనియు, ఒకదానిపై బ్రహ్మ అరువదినాలుగు బంగారు బిళ్ళలు పేర్చెననియు, చిన్నదానిపై పెద్దది పెట్టకుండ అర్చకులు వానిని మరియొక సూదికి మార్చుచున్నారనియు, మార్పు ముగిసిననాడు ప్రళయమనియు ఒక కథ కలదు. బిళ్ళ యొక్కటి పెరిగిన కదలికలు రెట్టింపై పైన ఒకటి కలియును: 1, 3, 7, 15. కావున అరువది నాలుగు బిళ్ళలకు కావలసిన కదలికలు సరిగా మన పద్యపు సంఖ్యయే. గడియకొకటి కాక క్షణమునకొకటి చొప్పున కదల్చినను 58,000 కోట్ల యేండ్లు దాటును. విశ్వము పుట్టి నేటికి 1,380 కోట్ల యేండ్లని శాస్త్రజ్ఞుల లెక్క. గణితము నిజము. కథ మాత్రము కాశీది కాదు. ఎడ్వార్ లూకా యను ఫ్రెంచి గణితజ్ఞుడు 1883లో ఈ సూదుల ఆటవస్తువును ప్యారిసున వెలువరించెను. తన పేరులోని యక్షరములనే తారుమారు చేసి సయాము పండితుని పేరొకటి కల్పించుకొనెను. కాశీ కథ ఆ వెంటనే ఫ్రెంచి పత్రికలకెక్కినది. అటువంటి కథను మన ప్రాచీనసంపదయని మనవారే చెప్పుకొనుట మాకు కష్టముగా నున్నది. పింగళుని సూత్రము నిజముగా మనది. దానిని విడిచి ప్యారిసు బొమ్మలవాని ప్రకటనను తలకెత్తుకొననేల?

ఈ సంఖ్య పాతకాలపు వేడుక మాత్రమే యనుకొనరాదు. నేటి కంప్యూటరులును చేతిఫోనులును చాలవరకు సంఖ్యలను 64 స్థానముల గడిలో నుంచి లెక్క చేయును; ప్రతి స్థానమున సున్నయో ఒకటియో. ఋణసంఖ్యలు లేనిచో ఆ గడిలో పట్టు అతిపెద్ద పూర్ణసంఖ్య పద్యములోని సంఖ్యయే. దానికి ఒకటి కలిపినచో గడి పొంగి సున్న మిగులును. పద్యమును పొగడుచు సందేశము పంపువాని చేతిలోని యంత్రము ఆ పద్యపు కొలతనే కడుపున పెట్టుకొని పనిచేయుచున్నది, పంపువానికి తెలియదు.

పెద్దసంఖ్యలను విడదీయుట ఇప్పుడు పండితుల వినోదము మాత్రమే కాదు. రహస్యలేఖనమున పేరుపొందిన ఒక పద్ధతి, 1977లో కనుగొనబడినది, పెద్దసంఖ్య యొక్క కారణాంకములు సులభముగా దొరకవను నమ్మకముపైననే నిలిచియున్నది. ఆ కష్టమెంతటిదో మన సంఖ్య యిరుగుపొరుగుననే తెలియును. పద్యపు సంఖ్యకు రెండు కలుపుడు, 617తో ముగియును. అది ఫెర్మా జాతిలో తరువాతిది. పద్యపు సంఖ్య వరుసలు లెక్కించినంతనే విడిపోయినది గదా. రెండడుగుల దూరమునున్న ఈ పొరుగుసంఖ్యయో, 1880లో ఎనుబది రెండేండ్ల వృద్ధుడు లాండ్రీ 2,74,177 దాని కారణాంకమని ప్రకటించువరకు లోకమునకు లొంగలేదు. దాని తరువాతిది 1970లో కంప్యూటరు సాయముతో విడినది. ఇంకను ముందునకు పోయిన, ఫెర్మా జాతిలో ముప్పదిమూడవదని లెక్కింపబడునది ప్రధానసంఖ్య యగునో కాదో ఇంతవరకు ఎవ్వరును తేల్చలేదు. మొదటి యైదింటికి మించి ఆ జాతిలో ప్రధానసంఖ్య యొక్కటియు కనబడలేదు. ఇక లేదని నిరూపించినవారును లేరు.

మనవారికి ఇవి చేతగావని ఎవరైన ననినచో మేమొప్పుకొనము. ఒక సంఖ్య ప్రధానమగునో కాదో నిస్సంశయముగా, సంఖ్య పెరిగినను శ్రమ మితిమీరకుండ, తేల్చు పద్ధతిని 2002లో లోకమునకిచ్చినవారు కాన్పూరు ఐ.ఐ.టి.కి చెందిన మణీంద్ర అగ్రవాల్, నీరజ్ కయాల్, నితిన్ సక్సేనాలు. వారిలో ఇద్దరు అప్పటికి పట్టము పుచ్చుకొన్న క్రొత్తవారు. శతాబ్దములుగా లోకము వెదకిన దానిని వారు పూర్వులను పొగడి సాధింపలేదు. కూర్చుండి లెక్క చేసి సాధించిరి.

ఉపాధ్యాయులకును గ్రంథాలయముల నిర్వాహకులకును మా మనవి స్వల్పమైనది. పద్యమును వాచకములో అచ్చువేయువారు ప్రక్కనే చదరంగపు పలకను అచ్చువేయుదురుగాక. పద్యము అప్పజెప్పిన బాలునికి మార్కులిచ్చినచో, మొదటి వరుస 255 ఏల యగునో చెప్పిన బాలునికి అంతకు రెట్టింపు మార్కులిత్తురుగాక. వేగముగా జవాబు గీయుటకే పిల్లలను తీర్చుచున్న శిక్షణాలయములు ఈ మనవిని వినవని మాకు తెలియును; పల్లెబడులు వినిన చాలును. పఠనమందిరమున సాయంకాలము చేరు పెద్దలకు ఇంకను సులభమైన పని కలదు. పద్యమును తెలిసినవారొకరు చదువగా మరియొకరు అంకెలు వ్రాసికొని పదునేడుతో భాగింపవలెను. 10,85,10,25,92,57,11,50,095 లబ్ధముగా వచ్చి, శేషము లేకున్నచో, చదివినవారును వ్రాసినవారును తప్పలేదన్నమాట. శేషము మూడు మిగిలినచో ఎడమవైపు సముద్రమును, ఐదు మిగిలినచో రెండవ సముద్రమును మరల చూచుకొనవలెను.